లేడీ బీ గుడ్ దారి తప్పింది ఎవరివల్ల? టవరా, నావిగేటరా?

గోదారిగట్టు:
మా తమ్ముడికీ నాకూ రెండ్రోజులుగా తెగని పంచాయితీ ఇది. తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తా. 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సులూక్ నుంచి అమెరికా వాళ్ల బీ-24 లిబరేటర్ బాంబర్లు ఇటలీలోని నేపుల్స్ రేవు మీదికి బయల్దేరాయి. వాటిలో లేడీ బీ గుడ్ ఒకటి. విమానం కొత్తది, అందులోని తొమ్మిదిమందికీ అదే మొదటి దాడి. పని కాక బాంబులు సముద్రంలో పడేసి, చీకట్లో ఒంటరిగా వెనక్కి తిరిగింది. రాత్రి 12:12కి పైలట్ హాటన్ రేడియోలో సులూక్‌కు దగ్గర్లోని బెనీనా విమానాశ్రయం టవర్‌ను దిక్కు అడిగాడు. 330 డిగ్రీలు అన్నారు. అంటే టవర్‌కు వాయవ్యంగా, సముద్రం మీద ఉన్నావని. తీరా ఆ విమానం స్థావరం దాటి సహారాలోకి పోయింది. రాత్రి రెండింటికి ఇంధనం అయిపోయి అందరూ పారాచూట్లతో దూకారు. 1958లో చమురు వెతికేవాళ్ల కంటపడేదాకా దాని అయిపూ లేదు.
నేననేది తప్పు టవర్‌దే అని. ఆగ్నేయంలో ఉన్నదాన్ని వాయవ్యంలో ఉందన్నారు. విమానంలో దారి లెక్కగట్టే నావిగేటర్ సరిగ్గా ఉంటే టవర్‌ను అడగాల్సిన పనేంటని తమ్ముడి వాదన.

పాతరేడియో:
టవర్‌ను అంత తేలిగ్గా తిట్టకండి మాస్టారూ. చిన్నప్పుడు మేం ట్రాన్సిస్టర్‌లో విజయవాడ కేంద్రం పెట్టి సెట్టును మెల్లగా తిప్పేవాళ్లం. ఓ చోటికి రాగానే గొంతు సన్నబడి బుసబుస మిగిలేది. స్టేషన్ ఆ గీత మీదే ఎక్కడో ఉందని దానర్థం. ముందుందా, వెనకుందా? సెట్టు చెప్పదు. సగం చుట్టు తిప్పినా అదే బుస. బెనీనాలో వాడిన లూప్ యాంటెన్నా కూడా ఇదే బాపతు. దానికి 330 అయినా, సరిగ్గా ఎదురు దిక్కున ఆగ్నేయంలోని 150 అయినా ఒక్కటే గీత. రావాల్సిన విమానం సముద్రం వైపు నుంచి గనక 330 అన్నారు. ఆ కుర్చీలో నేనున్నా అదే అందును.

లెక్కలపిచ్చి:
అసలు టవర్ తప్పు చెప్పిందని ఎవరు తేల్చారు? విమానం కూలింది సులూక్‌కు సుమారు 710 కిలోమీటర్ల దూరాన. వీళ్లు దూకింది దానికి 26 కిలోమీటర్ల ముందే. మిగిలింది 684. నేలమీద పడేసరికి రెండయిందని కోపైలట్ టోనర్ డైరీలో రాసుకున్నాడు. 12:12 నుంచి చూస్తే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. ఆ క్షణాన సరిగ్గా స్థావరం నెత్తిమీద ఉన్నా, గంటకు 380 చొప్పున పోవాలి. బాంబుల్లేవు, ట్యాంకులు ఖాళీ అవుతున్నాయి, వెనకగాలి తోడైందనుకోండి, కుదిరిపోతుంది. అంటే పిలిచినప్పుడు తీరానికి ఇటో అటో ఉన్నారు, 330 నిజమే కావచ్చు. ఆ తర్వాత ఇంత సేపటికీ స్థావరం రాలేదేమని గడియారం చూసుకోకపోవడమే కొంప ముంచింది. తమ్ముడుగారికే నా ఓటు.

పాతరేడియో:
లెక్క బాగుంది గానీ, వెనకగాలి తీసేసి చూడండి. లిబరేటర్ మామూలు నడక 320 దగ్గర. అప్పుడు 12:12కే స్థావరం దాటి వంద కిలోమీటర్ల పైన పోయుండాలి. మీ లెక్క గాలిని బట్టి ఎటైనా తిరుగుతుంది. పైగా డైరీలో ఉన్నది గుండ్రంగా రెండు, నిమిషాల్లేవు.

నెల్లూరమ్మాయి:
మీ ఇద్దరి లెక్కల్లో ఆ మనుషులు కనపడట్లేదండీ. మొదటిసారి దాడికెళ్లేవాళ్లను ఇసుక తుఫాన్లో లేపారు. తిరిగొచ్చేటప్పుడు సులూక్‌లో వెలుగు రాకెట్లు కాల్చారు, వీళ్లకు కనబడలేదు. చీకట్లో పైనుంచి చూస్తే ఎడారైనా సముద్రమైనా ఒక్కటే నలుపు. దూకినవాళ్లలో ఒకతని పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. మిగతా ఎనిమిదిమంది తీరం దగ్గరే అనుకుని ఉత్తరానికి నడిచారు. అందరికీ కలిపి సగం సీసా నీళ్లు, రోజుకు మనిషికో మూతెడు. డైరీ ఏప్రిల్ 12న ఆగిపోయింది, రాత్రి చలిగా ఉందన్న మాటతో. ఐదుగురు దాదాపు 130 కిలోమీటర్లు నడిచి కూలబడ్డారు, ముగ్గురు ఇంకా ముందుకు పోయారు. వెనక, దక్షిణాన పడున్న విమానంలో నీళ్లున్నాయి, ఫ్లాస్కులో టీ ఉంది, రేడియో పదహారేళ్ల తర్వాత కూడా పలికింది. అది అంత దగ్గర్లో ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? నన్నడిగితే తప్పు వాళ్లను అలా పంపినవాళ్లది.

లెక్కలపిచ్చి:
అమ్మా, ఆ రోజు అదే ఇసుకలో లేచిన మిగతా విమానాలు ఇల్లు చేరాయిగా. వాతావరణం మీద తోసేస్తే ఎలా?

నెల్లూరమ్మాయి:
ఇసుక ఇంజన్లలో దూరి దారి మధ్యలోనే వెనక్కి తిరిగినవి ఎన్నో! వాటినీ ఇల్లు చేరిన లెక్కలో వేసేశారా?

గోదారిగట్టు:
తమ్ముడు నా భుజం మీంచి ఇదంతా చదివి “చూశావా” అంటున్నాడు. ఏం చూడాలో నాకర్థం కాలేదు, వాడికి పడింది ఒక్క ఓటే. తప్పు టవర్‌దే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. నెల్లూరమ్మాయి గారు చెప్పింది తీసేయలేను గానీ, గడియారం సంగతి ఇంకా గుచ్చుతూనే ఉంది. పాతరేడియో గారూ, అటక మీద నాన్నగారి ట్రాన్సిస్టర్ ఉంది, దింపుతున్నా. ఆ బుసబుస నా చెవులతో వింటేగానీ నిద్రపట్టదు.