‘కార్మిక భవన్’ కరెక్టా, ‘కార్మిక భవనం’ కరెక్టా?

మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. షిఫ్టు దిగినా ఇంటికి రాకపోతే మా నాయనమ్మ “యూనియన్ ఆఫీసు కాడ కూసున్నడేమో, పోయి పిలుసుకరా” అని మా నాన్నను తోలేదట. అదే బిల్డింగును నాన్న ‘కార్మిక భవన్’ అంటాడు. మొన్న దాని గురించి నాలుగు ముక్కలు రాస్తూ ‘కార్మిక భవనం’ అన్నాను. నాన్న పెన్ను తీసుకుని సున్న కొట్టేసి, న మీద పొల్లు పెట్టాడు. “భవనం అంటే ఎవలదన్నా కావచ్చు. భవన్ అంటే మనది” అన్నాడు. ఇందులో వ్యాకరణం ఏమైనా ఉందా, ఉత్త అలవాటేనా?

జవాబు: మీరు రాసిందే తెలుగు. సంస్కృత ‘భవన’కు మనం ‘ము’ చేర్చి భవనము, భవనం అంటాం. హిందీ పలుకుబడిలో చివరి అకారం రాలిపోయి భవన్ అయింది. రాజ్‌భవన్, గాంధీ భవన్ అన్నీ ఆ దారినే వచ్చాయి.

జవాబు: రూపం సంగతి సరే అన్నా, అర్థం దగ్గర వాళ్ల నాన్నే రైటు. ‘భవనానికి సున్నం వేశారు’ అంటాం, ‘భవన్‌కు పోయొస్తా’ అంటాం. ఒకటి కట్టడం, ఇంకొకటి నలుగురు కలిసే చోటు. హైదరాబాద్‌లో మఖ్దూం భవన్ ఉంది కదా, కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ పేరు మీద. దాన్ని ‘మఖ్దూం భవనం’ అని చూడండి, ఆయన సొంతిల్లు అనుకుంటారు!

జవాబు: ఒక్క భవన్ మీదే పడ్డారేంటి, మొత్తం పేరు చూడండి: ఆజంజాహి మిల్లు కార్మిక భవన్. మిల్లు 1934 నాటిది, పేరు ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాది. ‘ఆజంజాహి’ చివరి ‘ఈ’ ఫారసీ ప్రత్యయం, ‘ఆజం జాకు చెందిన’ అని. రెండో కొడుకు మొజ్జం జా పేరుతో హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్ వచ్చింది. ‘మిల్లు’ ఇంగ్లీషు. ‘కార్మిక’ సంస్కృతం: ధర్మం నుంచి ధార్మిక వచ్చినట్టే కర్మ నుంచి ఇది. ‘భవన్’ హిందీ నుంచి. నాలుగు మాటలకు నాలుగు భాషలు!

అయితే మా నాయనమ్మ చెప్పిన అడ్రసులో ‘కాడ’ ఒక్కటే అచ్చ తెలుగన్నమాట. అందరికీ థాంక్స్. పేరు వచ్చిన చోటల్లా నాన్న దిద్దినట్టే భవన్ ఉంచేశాను. గోడలు, పైకప్పు గురించి చెప్పే ఒక్క వాక్యంలో మాత్రం ‘భవనం’ అనే రాశాను. ఆయనకు ఇంకా చూపించలేదు.