సమస్యాపూరణం: రెండు మార్లు పిలువ నొండు వచ్చు

మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

"రెండు మార్లు పిలువ నొండు వచ్చు"

యతి స్థానంలో "రెండు – నొండు" ప్రాసయతి (తొలి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం). విషయం సి ప్రోగ్రామింగ్ భాషలో హెడర్ ఫైళ్ళను (పలు ఫైళ్ళకు ఉమ్మడిగా కావలసిన ప్రకటనలుండే ఫైళ్ళను) ఇన్‌క్లూడ్ చేయడం, అంటే పిలిచి చేర్చుకోవడం. ఇన్‌క్లూడ్ అన్న చోట, కంపైలింగ్‌కు ముందు పాఠాన్ని సిద్ధం చేసే ప్రీప్రాసెసర్ ఆ ఫైలు పాఠాన్ని యథాతథంగా తెచ్చి పెడుతుంది. ఒక హెడర్ మరొక హెడర్‌ను, అది ఇంకొకదాన్ని పిలుస్తుంటే ఒకే ఫైలు రెండు దారుల్లో వచ్చి నిర్వచనాలు రెట్టింపవుతాయి. ఇలా ఒకదానిలో ఒకటిగా పిలిచే లోతు కనీసం 8 అంతస్తులైనా చెల్లాలని 1989 నాటి సి ప్రమాణం, 15 అయినా చెల్లాలని 1999 ప్రమాణం చెప్పాయి. కాబట్టి రెండుమార్లు పిలుపు అరుదైన సంగతి కాదు.

పూరణ 1

మొదటి రాకలోనె ముద్రను వేయించి
మరల వచ్చు వేళ మార్గ మాపు
కావలుండెనేని ఘనమైన శీర్షికన్
రెండు మార్లు పిలువ నొండు వచ్చు.

సమీక్ష: ముద్ర అంటే డిఫైన్ (ఒక పేరును నిర్వచించడం), కావలి అంటే ఇఫ్‌ఎన్‌డెఫ్ (ఆ పేరు ఇంకా లేకపోతేనే లోపలి పాఠాన్ని రానివ్వడం). అన్వయం చక్కగా కుదిరింది. "ఘనమైన" మాత్రం యతి కోసం వచ్చిన వ్యర్థపదం. "శీర్షిక" అనగానే పాఠకుడికి వ్యాసం పేరు తోస్తుంది. "హెడరు" మూడు లఘువులు, పద్యంలో హాయిగా ఇముడుతుంది. మూడో పాదాన్ని "కావలుండెనేని గడపలో, హెడరును" అని మార్చి చూడండి. గడప అనడంలో అర్థమూ ఉంది. వ్యాఖ్యలు తప్ప మరేదీ కావలికి బయట మిగలకుండా ఫైలంతటినీ చుట్టి ఉంచితే, జీసీసీ అనే కంపైలర్ ఆ ముద్ర పేరు గుర్తుంచుకుని రెండోసారి ఫైలును తెరవనైనా తెరవదు.

పూరణ 2

ఒక్క మాట వ్రాసి యూరకుండిన చాలు
పేరు వెదక నేల? బెంగ యేల?
ప్రాగ్మ వన్సు పైన బలుకగా హెడరును
రెండు మార్లు పిలువ నొండు వచ్చు.

సమీక్ష: ధార బాగుంది. ముద్రకు ఎవరూ వాడని పేరు వెదికే శ్రమ తప్పుతుందన్న మాట నిజమే. "బెంగ యేల" దగ్గర ఆగాను. ప్రాగ్మా వన్స్ (ఈ ఫైలును ఒక్కసారే చేర్చమనే ఆదేశం) చాలా కంపైలర్లలో ఉన్నా సి ప్రమాణంలో లేదు. ఒకే ఫైలు నకళ్ళు రెండు చోట్ల ఉంటే రెండూ ఒకటేనని పోల్చుకోవడమూ కష్టమే.

పూరణ 3

వేరు వేరు ఫైళ్ళ వేరుగా పిలిచిన
కావలున్న చాలు కలత లేదు
హెడరులోని విలువ నెప్పుడు చూచిన
రెండు మార్లు పిలువ నొండు వచ్చు.

సమీక్ష: నడకలో ఇంతవరకు ఇదే మేలైనది. "హె – ఎ" యతి కూర్పు నాకు ఎంతో నచ్చింది. కానీ చెప్పిన విషయం తప్పు, దాన్ని ఛందస్సు చూసి వదిలేయలేను. ప్రతి సి ఫైలూ విడిగా కంపైల్ అవుతుంది. ఒక ఫైలు పని ముగియగానే ముద్ర చెరిగిపోతుంది, రెండో ఫైలు దగ్గర కావలికి పాత రాక గుర్తుండదు. హెడర్‌లో తొలి విలువతో చలరాశిని నిర్వచిస్తే కంపైల్ చేయగా వచ్చే రెండు ఆబ్జెక్ట్ ఫైళ్ళలోనూ అది చేరి, వాటిని కలిపే లింకర్ దగ్గర నిర్వచనాలు రెండయ్యాయన్న తప్పు వస్తుంది.

పూరణ 3 రచయిత: నిజమే, కావలి అన్ని చోట్లా కాస్తుందనుకున్నాను. సవరణ ఎలా?

సమీక్ష: హెడర్‌లో ఎక్స్‌టర్న్ ప్రకటన (చలరాశి మరోచోట ఉందని చెప్పేది) మాత్రం ఉంచి, నిర్వచనాన్ని ఒకే సి ఫైలులో పెట్టాలి. మీ భావాన్నే ఇలా మలిచాను:

విలువ నొక్క చోట నిలిపి, హెడరునందు
జాడ తెలిపినంత జగడ మణగు;
వేరు వేరు ఫైళ్ళు వెదకుచు వచ్చినన్
రెండు మార్లు పిలువ నొండు వచ్చు.

పూరణ 4

ఇంట ముందు వెదకి యింట లేకుండిన
బయట వెదకు నంత పట్టు విడక;
జంటగుర్తులందు చదివిన పేరును
రెండు మార్లు పిలువ నొండు వచ్చు.

సమీక్ష: ఈ మలుపు నేను ఊహించలేదు! మిగతావారంతా కావలి చుట్టూ తిరుగుతుంటే మీరు "రెండు మార్లు" అన్న మాటను వెదుకులాటకు అన్వయించారు. జంటగుర్తుల (" ") మధ్య రాసిన పేరును జీసీసీ ముందుగా, పిలిచిన ఫైలున్న డైరెక్టరీలోనే చూస్తుంది. ఆ తొలి వెదుకులాటలో దొరకకపోతే కోణపు గుర్తుల్లో (< >) రాసినట్టే భావించి మళ్ళీ వెదకాలని ప్రమాణమే చెబుతోంది. అదే పేరుతో ఫైళ్ళు ఎన్ని ఉన్నా ముందు దొరికినదే వస్తుంది. "పట్టు విడక" కూడా వ్యర్థం కాదు, డైరెక్టరీలను వరుసగా గాలించడం అందులో ధ్వనిస్తోంది. కర్త ఎవరో చెప్పకపోవడం ఒక్కటే లోపం. ఈ వారం నా ఓటు ఈ పద్యానికే.

మరొక సభ్యుడు: అసర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రాంను ఆపే తనిఖీ) ఉండే హెడర్ సంగతి? పిలిచిన ప్రతిసారీ వస్తుంది కదా.

సమీక్ష: అవును, ఎన్‌డీబగ్ (ఆ తనిఖీని పని చేయనివ్వని ముద్ర) అప్పటికి ఉందో లేదో చూసి అసర్ట్‌ను ప్రతిసారీ కొత్తగా నిర్వచించాలని ప్రమాణమే కోరుతుంది. "రెండు మార్లు పిలువ రెండు వచ్చు" అని పాదం మార్చి దాన్ని మీరే పూరించండి, యతి కూడా చెల్లుతుంది.