ఇన్సులిన్ వాడే మా అమ్మను మేడారం తీసుకువెళ్లడం ఎలా?

ప్రశ్న – హనుమకొండ నుండి

అందరికీ నమస్కారం. మా అమ్మకు 63 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్ ఉన్నది. రెండేళ్ల నుండి పొద్దున, రాత్రి భోజనానికి ముందు 30/70 మిక్స్ ఇన్సులిన్ సూది వేసుకుంటున్నది. ఈసారి సమ్మక్క తల్లి గద్దెకు చేరే గురువారం నాటికే మేడారంలో ఉండి, శనివారం వనప్రవేశం అయిన తరువాతనే ఇంటికి వస్తానని పట్టుబట్టింది.

మనకు మేడారం దాదాపు 100 కిలోమీటర్లే అయినా, జాతర రోజుల్లో పస్రా దాటినాక బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. క్రితంసారి ఇంట్లోనే సూది వేసుకొని బయలుదేరితే, తాడ్వాయి అడవిలో బండ్లు నిలిచిపోయాయి. సద్ది గిన్నె వెనుక వస్తున్న మా చిన్నాయన బండిలో ఉండిపోయింది. అమ్మకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్క బండిలోని వాళ్లు ఇచ్చిన బంగారం (జాతరలో బెల్లాన్ని అట్లా అంటాము) ముక్క నోట్లో పెడితే కాసేపటికి తేరుకున్నది. అప్పటి నుండి, తల్లి బంగారం తింటే షుగర్ ఏమీ చేయదని ఆమె నమ్మకం. ఫ్రిజ్ లేని చోట మూడు రోజులు మందును ఎట్లా కాపాడాలి, తిండి వేళలు తప్పితే సూది సంగతి ఏమిటి, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – కాజీపేట నుండి

నేను 18 ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవాణ్ణి. ఆ రోజు మీ అమ్మగారికి షుగర్ పడిపోయింది. ఆమె వేసుకునే మందులో 30 వంతులు అరగంటలోనే పని మొదలుపెడతాయి, మిగతా 70 వంతులు నెమ్మదిగా చాలా గంటలు పనిచేస్తాయి. కాబట్టి పొద్దున సూది పడిందంటే పొద్దటి తిండే కాదు, మధ్యాహ్నపు తిండి కూడా తప్పకూడదు. అన్నం చేతికి అందేదాకా సూది ముట్టుకోవద్దని ప్రయాణాల్లో నేను పెట్టుకున్న కట్టుబాటు. దానివల్ల షుగర్ కొంత పెరిగినా సరే, అడవిలో పడిపోవడం కంటే నయం. అయితే మీ డాక్టరును ముందే అడిగి, ఆలస్యమైన పూట ఎన్ని యూనిట్లు వేయాలో కాగితం మీద రాయించుకోండి.

జొన్నరొట్టెలు, ఉడికిన గుడ్లు, పల్లీలు ఆమె ఒడిలోని సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. మీటరులో 70 కంటే తక్కువ వస్తే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గాని, మూడు చెంచాల చక్కెర గాని నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మరోసారి ఇచ్చి, తేరుకున్నాక రొట్టె పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. బంగారం ఆమెను ఆ రోజు కాపాడింది నిజమే, ఎందుకంటే బెల్లమన్నా దాదాపు చక్కెరే. అదే కారణం చేత మిగతా రోజుల్లో అది ఆమెకు పనికిరాదు.

జవాబు – వరంగల్‌లో మందుల దుకాణం నడిపే వ్యక్తి

వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాలు నిలుస్తుంది, కనుక మూడు రోజులకు భయం లేదు. ఎండలో నిలిపిన కారులో వదిలేయడం, మంచుగడ్డలకు ఆనించి పెట్టడం, ఈ రెండే మందును పాడుచేస్తాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత మామూలుగానే కనబడవచ్చు గాని, దాన్ని పారేయవలసిందే. సీసాను చిన్న డబ్బాలో పెట్టి, తడి నూలుగుడ్డ చుట్టి నీడన ఉంచితే చాలు. సూదికి ముందు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. పాలలా ఒకే తీరుగా కలవక పలుకులు కనబడితే వాడకండి.

సిరంజీలు కూడా ఇంటి నుండే పట్టుకుపోండి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూత సిరంజీ వాడాలి. తొందరలో ఒకదానికి మరొకటి కొంటే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

జవాబు – ములుగు నుండి, ఒక గృహిణి

అన్నలిద్దరూ పాదాల మాట మరిచారు. గట్టమ్మ దగ్గర దిగింది మొదలు చాలామంది మొక్కుకని చెప్పులు విడుస్తారు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారిన వారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మావారికి జంపన్నవాగులో గాజుపెంకు దిగితే, రాత్రి గుడారంలో దుప్పటికి నెత్తురు అంటిన తరువాతనే మేము చూశాము. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అమ్మగారిని చెప్పులతోనే నడిపించి, పొద్దుగూకినాక ఫోన్ లైటు వేసి వేళ్ల సందులతో సహా చూడండి.

ఇంకొకటి కూడా. గద్దెల నుండి వచ్చి మావారికి వేలు పొడిచి చూస్తే మీటరు 312 చూపింది. ఆయన అదనంగా సూది వేసుకుంటానని లేచారు. వేలికి బంగారం జిగురు అంటుకొని ఉండడం చూసి, సబ్బుతో కడిగి, బాగా తుడిచి, మళ్లీ చూస్తే 146 వచ్చింది.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. చెల్లె రాసినది చదివి వినిపించగా, గద్దెల ఆవరణ దాకా చెప్పులు వేసుకోవడానికి అమ్మ ఒప్పుకున్నది. బంగారం మాత్రం కళ్లకద్దుకొని గోటిమీద పట్టేంత నోట్లో వేసుకుంటానన్నది, దానికి నేను ఎదురు చెప్పలేదు. సోమవారం డాక్టరును కలిసి సూది వేళలు రాయించుకుంటాము. సద్ది గిన్నె ఈసారి మా బండిలోనే ఉంటుంది.