కెమెరా ‘క్రమాంకనం’ అంటే సరిపోతుందా?

అడిగినవారు: ఉప్పల్‌లో ఉంటాం. మా అబ్బాయి ఫోటోగ్రామెట్రీ, అంటే ఫోటోల నుంచి కొలతలు తీసే పని, నేర్చుకుంటూ నోట్సు తెలుగులో రాసుకుంటున్నాడు. కెమెరా కాలిబ్రేషన్‌ను ఏమనాలి? ‘క్రమాంకనం’ అని చెప్తే నచ్చలేదు. ‘కెమెరాను సరిచేయడం’ అని రాశాడు.

ఫిజిక్స్ మాస్టారు: క్రమాంకనం పాఠ్యపుస్తకాల మాటే. థర్మామీటర్‌కు కరిగే మంచులో ఒక గీత, మరిగే నీటి ఆవిరిలో ఇంకో గీత పెట్టి, మధ్యలో 100 భాగాలు చేస్తాం. వరసగా గుర్తులు వేయడమన్నమాట. కెమెరాలో ఆ గీతలు ఎక్కడ వేస్తారో నాకూ అర్థం కాలేదు.

డ్రోన్ సర్వే చేసేవాణ్ని: గీతలేం వేయం మాస్టారూ. ‘సరిచేయడం’ మాత్రం అసలు కుదరదు. లెన్సు వంకర లెన్సులోనే ఉంటుంది, అదెంతో తెలుసుకుంటాం అంతే. ఫోకల్ దూరం కచ్చితంగా ఎంత, లెన్సు అక్షం సెన్సర్ నడిమధ్య నుంచి ఎంత పక్కకు పడుతోంది, అంచుల దగ్గర తిన్నని గీత ఎంత వంగుతోంది, ఇవి కావాలి. చదరంగం గళ్ల బోర్డును రకరకాల కోణాల్లో, కెమెరాను 90 డిగ్రీలు తిప్పి కూడా ఫోటోలు తీస్తాం. ఆ తర్వాత ఎవరైనా ఫోకస్ రింగు కదిపారో, మళ్లీ మొదటికే. అందుకే దానికి టేపు వేసేస్తాం. ఈ లెక్క తప్పితే, ఒకే ఎత్తు నుంచి నిట్టనిలువుగా తీసిన ఫోటోలతో కట్టిన 3D నమూనాలో చదునైన స్థలాలు కూడా మధ్యలో ఉబ్బినట్టో గుంటపడినట్టో వస్తాయి. కొన్ని ఏటవాలుగా తీస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇంకో సభ్యుడు: మా నాన్న మేస్త్రీ. తూకం గుండు వేలాడదీస్తే గోడ మారదు, వంకర బయటపడుతుంది. ‘తూకం చూడటం’ అనకూడదా?

డ్రోన్ సర్వే చేసేవాణ్ని: భలే పట్టారన్నా! అచ్చంగా ఆ పద్ధతే ఉంది. ఫోటోగ్రామెట్రీ నిపుణుడు డ్యూయేన్ బ్రౌన్ 1971లో ప్రచురించారు. బరువులు కట్టి వేలాడదీసిన దారాలను ఫోటో తీసి, ఫోటోలో అవి ఎంత వంగాయో చూసి లెన్సు వంకరను లెక్క కట్టడం. కాకపోతే దారాలు వంకరనే చెబుతాయి, ఫోకల్ దూరం చెప్పవు. కాబట్టి ‘తూకం’ సగం పనికే సరిపోతుంది.

అడ్మిన్: ‘నిగ్గు తేల్చడం’?

ఫిజిక్స్ మాస్టారు: వద్దండీ బాబూ. ఆ మాట వింటే టీవీలో కుంభకోణం చర్చే గుర్తొస్తుంది. ‘లెక్క తేల్చడం’ అనండి, చేసేది అదేగా. క్రమాంకనం నేను వదులుకుంటున్నా.

అడిగినవారు: చూపించాను. పాతది కొట్టేసి ‘కెమెరా లెక్క తేల్చడం’ అని రాసుకున్నాడు. ఇప్పుడు కాలిబ్రేషన్ రిపోర్టును ఏమనాలని అడుగుతున్నాడు.

డ్రోన్ సర్వే చేసేవాణ్ని: రిపోర్టే అననివ్వండి సార్.