సబి సాండ్‌లో లాడ్జా, క్రూగర్‌లో సొంత కారా? (మే నెల, 9 రాత్రులు, ఇద్దరం)

హన్మకొండ_శ్రీలత
అందరికి నమస్తే. మా ఆయన మార్చిల రిటైర్ అయితున్నరు, మా పెండ్లై 31 ఏండ్లు. మే మొదటి వారంల సౌత్ ఆఫ్రికా పోదమనుకుంటున్నం, ఇద్దరమే. ప్లాన్ 1: జోహన్నెస్‌బర్గ్ నుంచి చిన్న విమానంల క్రూగర్ పార్కు లోపలి స్కుకూజా, అక్కడ్నించి పార్కుకు ఆనుకొనున్న సబి సాండ్ రిజర్వుల ప్రైవేట్ లాడ్జి 3 రాత్రులు, తర్వాత కేప్ టౌన్ 3, ఫ్రాన్ష్‌హూక్ ద్రాక్షతోటలల్ల 3. లాడ్జికి మనిషికి రాత్రికి మన పైసలల్ల 70 వేలు చెప్పిన్రు, తిండి, రోజుకు రెండు సఫారీలు అన్ని కలిపి. ప్లాన్ 2: లాడ్జి వద్దు, కారు కిరాయికి తీసుకొని క్రూగర్ పార్కు క్యాంపులల్ల 5 రాత్రులు మేమే తిరుగుడు. మా ఆయనకు ప్లాన్ 2 ఇష్టం. ఆయన మందు ముట్టరు, అందుకే ఆ ద్రాక్షతోటలు గూడ ఎందుకంటున్నరు. పోయొచ్చినోళ్లు జర చెప్పున్రి.

ప్రిటోరియా_మాధవ్
శ్రీలత గారూ, నేను ఇక్కడ 11 ఏళ్ళుగా ఉంటున్నా, క్రూగర్‌కి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఇంకో ఆలోచన పెట్టుకోకుండా ప్లాన్ 2. సబి సాండ్‌కీ క్రూగర్‌కీ మధ్య ఉన్న కంచె 1993లోనే తీసేశారు, అంటే ఈ పొద్దున అక్కడ తిరిగిన సింహం సాయంత్రానికి ఇటు రావచ్చు, మరి అవే జంతువుల్ని చూడ్డానికి ఇద్దరికి మూడు రాత్రులకి 4 లక్షల 20 వేలు ఎందుకు పోయాలో నాకైతే అర్థం కాదు. క్రూగర్ దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, జీవితకాలం తిరిగినా తరగదు. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, పార్కు లోపల తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 స్పీడు, ఎవరైనా నడపొచ్చు. లోయర్ సబీ క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది, కారు ఆపుకుని కూర్చుంటే చాలు, నీటిగుర్రాలు, మొసళ్ళు కళ్ళ ముందే. సటారా క్యాంపు దగ్గర ఎస్100 అనే మట్టి రోడ్డు సింహాలకి పేరు, తెల్లారి గేటు తీయగానే వెళ్ళాలి. ఇద్దరికి బంగళా రాత్రికి 2 వేల ర్యాండ్లు అటూఇటూ, అంటే మన 10 వేలు, దానిమీద మనిషికి రోజుకి పార్కు ఫీజు. కిచెన్ ఉన్న బంగళా తీసుకుని రైస్ కుక్కర్ పట్టుకెళ్ళండి. మేము పోయిన ఏడాది సటారాలో ఐదు రోజులూ వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి తిని, బయట కూర్చుని హైనాల అరుపులు విన్నాం. ఆ తృప్తి ఏ లాడ్జీ ఇవ్వలేదు.

విశాఖ_విజయ్
మే కరెక్ట్ టైమండీ. వానలు ఆగి గడ్డి పలచబడుతుంది, జంతువులు నీళ్ళ దగ్గరికి చేరతాయి. కేప్ వైపు లెక్క తిరగబడి ఉంటుంది, అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా వానాకాలం. అందుకే రెండూ కలిపి వెళ్ళాలంటే మే బాగా కుదురుతుంది. ద్రాక్షతోటల గురించి తర్వాత వివరంగా రాస్తా, అవి మాత్రం తీసేయకండి.

పద్మజ_గుంటూరు
మాధవ్ గారూ జంతువులు అవే, ఒప్పుకుంటా, కానీ చూసే తీరు వేరండీ. పార్కులో రోడ్డు దిగి కారు పోనివ్వరు. చిరుత రోడ్డుకి ఇరవై గజాల లోపల పొదలో పడుకుంటే ఇరవై కార్లు వరసగా ఆగిపోయి ఎవరికీ తోక తప్ప ఏమీ కనపడదు. మేము ప్రైవేట్ రిజర్వ్‌లో మూడు రాత్రులున్నాం. బండి బానెట్ మీద చిన్న సీటులో ట్రాకర్ కూర్చుంటాడు, అక్కడి షంగాన్ తెగ మనిషి, ఒక చోట చెయ్యెత్తి ఆపించి దిగి ఇసకలో అడుగు చూశాడు, అంచులు ఇంకా విరగలేదు కాబట్టి ఇప్పుడే వెళ్ళిందన్నాడు. పావుగంటలో మారులా చెట్టు కొమ్మ మీద ఇంపాలా జింకని వేలాడేసుకుని కూర్చున్న చిరుత కింద ఉన్నాం, మా బండి కాక ఇంకొక్క బండి అంతే. ఇది మీ కారులోంచి జరగదు.
ఇంకో సంగతి మగవాళ్ళెవరూ చెప్పరు, నేనే చెప్తా. క్రూగర్‌లో క్యాంపులు, కొన్ని పిక్నిక్ స్పాట్‌లు తప్ప ఎక్కడా కారు దిగకూడదు. ముందు ఏడాది మేము సొంతంగా వెళ్ళినప్పుడు ఏనుగుల మంద రోడ్డుకి అడ్డం నిలబడింది, 40 నిమిషాలు కదల్లేదు, నాకు మోకాళ్ళ ఆపరేషన్ అయి ఏడాది, పైగా షుగరు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇక్కడ రాయలేను. ఆ భయంతో మిగతా మూడు రోజులూ నీళ్ళు తాగడం మానేశా.

ప్రిటోరియా_మాధవ్
మేడమ్, మీరు దారి సరిగ్గా ప్లాన్ చేసుకోలేదంతే. స్కుకూజా నుంచి లోయర్ సబీ వెళ్ళే దారిలో న్కుహ్లూ ఉంది, సటారా దారిలో షొక్వానే ఉంది, దక్షిణాన అఫ్సాల్ ఉంది, అన్నిట్లో శుభ్రమైన టాయిలెట్లున్నాయి. గంటన్నరకి ఒకటి వచ్చేలా వేసుకోవచ్చు. లాడ్జి బండిలో మాత్రం టాయిలెట్ ఉంటుందా? మూడు నాలుగు గంటల డ్రైవ్, మధ్యలో కాఫీకి ఆపితే చెట్టు చాటుకే పొమ్మంటారు.

పద్మజ_గుంటూరు
చెట్టు చాటుకే, నిజమే. కానీ ముందు రేంజర్ దిగి చుట్టూ చూసొచ్చి వెళ్ళండి అంటాడు. అవసరమైతే రేడియోలో చెప్పి వెనక్కి తీసుకొస్తాడు. మీరు చెప్పే షొక్వానేకి చేరాలంటే ముందు ఏనుగు తప్పుకోవాలిగా, దానికి మీ ప్లాన్ తెలియదు కదా.

కూకట్‌పల్లి_రాజు
నాలుగు లక్షల ట్రిప్ గురించి అడిగితే బాత్‌రూమ్ మీద కొట్టుకుంటున్నారేంటండీ

డా_సుధ
రాజు గారూ, షుగర్ ఉన్న, 55 దాటిన ఆడవాళ్ళకి అసలు ప్రశ్నే అది. నా దగ్గరికి ప్రయాణాల తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో వచ్చేవాళ్ళలో చాలామంది నీళ్ళు తాగడం మానేసినవాళ్ళే. శ్రీలత గారూ, క్రూగర్ వైపు మలేరియా ఉంది, మేలో తక్కువైనా బయల్దేరే ముందు మాత్రల గురించి మీ డాక్టర్‌ని అడగండి. ఆ బాధే వద్దనుకుంటే మడిక్వే, పిలానెస్‌బర్గ్ అని మలేరియా లేని వేరే సఫారీ ప్రాంతాలున్నాయి. టికెట్ నైరోబీ, అడ్డిస్ అబాబా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందే చూసుకోండి.

విశాఖ_విజయ్
ఇప్పుడు ద్రాక్షతోటలు. మందు ముట్టకపోతే ఫ్రాన్ష్‌హూక్ ఎందుకు అంటే, కాఫీ తాగనివాళ్ళు అరకు రారా? కోతలు ఫిబ్రవరి, మార్చిలో అయిపోతాయి, మే మొదట్లో ఆకులు పసుపు, ఇటిక రంగుకి తిరిగుంటాయి, మూడు వైపులా కొండలు, తెల్ల సున్నం వేసిన పాత డచ్ ఇళ్ళు. వైన్ ట్రామ్ అని ఉంది, తోట తోటకీ దిగి ఎక్కొచ్చు, చాలా చోట్ల తాగనివాళ్ళకి ద్రాక్షరసం ఇస్తారు, భోజనాలు బాగుంటాయి. 1688లో ఫ్రాన్స్ నుంచి మతం కోసం పారిపోయి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ లోయ, ఆ పేరుకి అర్థమే ఫ్రెంచి వాళ్ళ మూల.

డర్బన్_అల్లుడు
విజయ్ గారు చెప్పిన లోయలో ఇంకో కథ కూడా ఉంది. తెల్ల సున్నం ఇళ్ళు సరే, ఆ తోటలు నాటింది బానిసలు. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళు మలబారు, బెంగాలు, మన కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని పట్టుకొచ్చి కేప్‌లో అమ్మారు, పాత కాగితాల్లో వాళ్ళ పేర్ల వెనక 'వాన్ కోరమాండల్' అని ఉంటుంది. కేప్ టౌన్‌లో స్లేవ్ లాడ్జ్ మ్యూజియం చూడండి. ఫ్రాన్ష్‌హూక్ నుంచి స్టెలెన్‌బోష్ పోయే దారిలో ప్నియెల్ అనే ఊరుంది, విడుదలైన బానిసల కోసం 1843లో పెట్టిన ఊరు, ఆగి చూడండి. తర్వాత కూడా తోటల కూలీలకి జీతంలో కొంత వైన్‌గా పోసేవాళ్ళు, డాప్ అంటారు, దాని దెబ్బ తల్లుల కడుపులో పిల్లల దాకా తగిలింది. దూబగుంట సారా ఉద్యమం గుర్తున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడ వాళ్ళ ముత్తాత చెరకు తోటల్లో పనికని మద్రాసులో ఓడెక్కి ఈ డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వచ్చిన మనిషి. మనవాళ్ళు ఇంత దూరం వచ్చి సింహం, వైన్ చూసి వెళ్ళిపోతారు, డర్బన్ వైపు తొంగి చూడరు, అది నా బాధ.

హన్మకొండ_శ్రీలత
ఇది నాకు తెల్వనే తెల్వదు అన్నా. ప్నియెల్ రాసిపెట్టుకున్న.

ప్రిటోరియా_మాధవ్
అందరూ లాడ్జి లాడ్జి అంటున్నారు కాబట్టి నేనూ చెప్తా. 2019లో అమ్మానాన్న వస్తే అప్పు చేసి మరీ ఒక ప్రైవేట్ లాడ్జికి తీసుకెళ్ళా. శాకాహారులమని రెండుసార్లు మెయిల్ పెట్టా. మూడు రోజులూ ఉడికించిన గుమ్మడికాయ, బంగాళాదుంప ముద్ద, ఆకులు. బండిలో మాతోపాటు ఇంకో నలుగురు. రెండో రోజు సాయంత్రం చిరుత ఉందని రేడియోలో వినగానే బండి రోడ్డు దిగి పొదల మీదుగా పోయింది, అమ్మకి నడుం నొప్పి, సీటు రాడ్ పట్టుకుని కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా పోనివ్వమంటే మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఆ నలుగురికీ వచ్చీరాని ఇంగ్లీషులో సారీ చెప్పింది. అంత డబ్బు కట్టి మా అమ్మ ఎందుకు సారీ చెప్పాలి? నా కారులో అయితే ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేవాడిని. అందుకే చెప్తున్నా, లగ్జరీ అంటే మన ఇష్టప్రకారం మనం ఉండటం. సటారాలో మా బంగళా ముందు మా అన్నం మేము తినడమే నాకు లగ్జరీ.

పద్మజ_గుంటూరు
మీ అమ్మగారికి జరిగింది చదివి బాధేసింది, ఆ లాడ్జి వాళ్ళది ముమ్మాటికీ తప్పే. కానీ ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. సటారాలో ఐదు రోజులూ ఆ అన్నం ఎవరు వండారు? పప్పు ఎవరు ఉడికించారు? గిన్నెలు ఎవరు కడిగారు?

ప్రిటోరియా_మాధవ్
మా ఇంటి విషయాలు మీకెందుకండీ? మా ఆవిడకి ఇష్టమై చేసింది. మాట్లాడేది సఫారీ గురించి, దాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు. లాడ్జికి పోసేంత లేనివాళ్ళు అడవి చూడకూడదా? మీలాంటివాళ్ళ వల్లే మనవాళ్ళు ఆఫ్రికా అంటే పదిహేను లక్షలు అనుకుని ఆగిపోతున్నారు.

పద్మజ_గుంటూరు
మీలాంటివాళ్ళు అంటే ఎవరండీ? నేను రిటైరైన టీచర్‌ని, చీటీ కట్టి వెళ్ళా. చూడకూడదని నేనెప్పుడన్నా? తెల్లారి ఆరుకి గేటు తీస్తారు, దానికి ముందు లేచి టీ పెట్టి, దారికి పులిహోర కట్టి, సాయంత్రం అయిదున్నరకి గేటు మూసేలోపు వచ్చి మళ్ళీ కుక్కర్ పెట్టి. అది ఇంట్లో పనే, కిటికీ బయట హైనా ఉంటుంది అంతే తేడా. నేను చేశాను కాబట్టే చెప్తున్నా.

కూకట్‌పల్లి_రాజు
క్యాంపుల్లో రెస్టారెంట్లు ఉంటాయి కదా, వండటం ఎందుకు అసలు

నిర్వాహకులు
వ్యక్తిగత మాటలు ఆపండి. శ్రీలత గారి ప్రశ్నకి సంబంధించినవి మాత్రమే.

హన్మకొండ_శ్రీలత
అడ్మిన్ గారు, పద్మజక్క అడిగిందే నా ప్రశ్న. నేనే మొదట సరిగ రాయలేదు. పైసలు కారణమే కాదు, ఆయనకు పీఎఫ్ వస్తది, ఉన్నయి. 31 ఏండ్లల మేము ఊటి పోయినం, షిరిడి పోయినం, కాశి పోయినం, కొడుకు దగ్గరికి డల్లాస్ పోయినం, అన్ని చోట్ల స్టవ్ వెతుక్కున్నది నేనే. ఆయన చెడ్డ మనిషి గాదు, బయటి తిండి పడదు, వేడన్నం కావాలె. ప్లాన్ 2 అన్నప్పుడు ఆయన మొట్టమొదట అన్న మాట, "అక్కడ కిచెన్ ఉంటదట, నీకు ఇబ్బంది ఉండది". నాకు ఇబ్బంది ఉండదట. ఆ మాటకు రాత్రంత నిద్ర పట్టలే. లాడ్జి ఫొటోల చిరుత నాకు కనపడలేదు, పొద్దుగాల ఐదున్నరకు ఎవరో తలుపు కొట్టి టీ ఇస్తరని రాసిన్రు, అది చదివి బుక్ చేస్తననుకున్న. ఆయనకు నోటితోని చెప్పలేక ఇక్కడ అడిగిన. మాధవ్ తమ్ముడు, మీ అమ్మ సారీ చెప్పింది చదువుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను గూడ అట్లనే చెప్తుంటి.

డా_సుధ
శ్రీలత గారూ, ఈ పోస్ట్ యథాతథంగా మీ వారికి చూపించండి.

ప్రిటోరియా_మాధవ్
శ్రీలత గారూ, మీరు ముందే ఇలా రాసి ఉంటే నేను కుక్కర్ మాట ఎత్తేవాడిని కాదు. సొంతంగా తిరగడం గొప్పదని ఇప్పటికీ అంటా, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ వంట లేకుండా చేయండి. లోయర్ సబీలో నది మీదకి ఉన్న డెక్ మీద రెస్టారెంట్ ఉంది, రెండు రాత్రులు అక్కడుండి మీవారి డ్రైవింగ్ సరదా తీర్చుకోండి, తర్వాత లాడ్జి. పార్కు వాళ్ళ సొంత గైడెడ్ డ్రైవ్‌లు కూడా ఉన్నాయి, పెద్ద ఓపెన్ ట్రక్, గేటు మూశాక కూడా తిప్పుతారు. లాడ్జి వాళ్ళకి శాకాహారమని చెప్పి ఊరుకోకండి, మూడు రోజుల మెనూ రాసి పంపమని అడగండి, నేను చేసిన తప్పు అది. బండిలో మధ్య సీటు అడగండి, వెనక వరస ఎక్కువ ఎగురుతుంది.

పద్మజ_గుంటూరు
మధ్య సీటు సలహా మంచిది. పాత మాటలకి నొచ్చుకుంటే క్షమించండి మాధవ్ గారూ, ప్రశ్నని మాత్రం వెనక్కి తీసుకోను. శ్రీలతా, పొద్దున డ్రైవ్‌లో చలి బాగా ఉంటుంది, తలకి స్కార్ఫ్, ఉన్ని శాలువా పెట్టుకో. దుప్పటి, వేడినీళ్ళ బ్యాగు వాళ్ళిస్తారు.

హన్మకొండ_శ్రీలత
చూపించిన. శానసేపు ఏం మాట్లాడలే. తర్వాత లోయర్ సబీ 2, లాడ్జి 2, ఫ్రాన్ష్‌హూక్ 3, కేప్ టౌన్ 2 అని ఆయనే కాగితం మీద రాసిండు. ద్రాక్షతోటలు ఆయనే కలిపిండు, నేను అడగలే. ఒక్క డౌట్, జోహన్నెస్‌బర్గ్‌ల పొద్దున 10కి దిగుతం, అదే రోజు కారేసుకొని లోయర్ సబీ చేరుకుంటమా?

ప్రిటోరియా_మాధవ్
వద్దు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి ఐదు గంటలు నడపకూడదు, పైగా 5:30కి గేటు మూస్తారు, దారిలో టైరు పంక్చరైనా బయటే ఉండిపోతారు. ఆ రాత్రి దారిలో నెల్‌స్ప్రూట్ అనే ఊళ్ళో పడుకుని మర్నాడు పొద్దున్నే లోపలికి వెళ్ళండి, దానికోసం కేప్ టౌన్‌లో ఒక రాత్రి తగ్గించుకోండి. కారు స్కుకూజాలో అప్పగించేలా ముందే మాట్లాడుకోండి, అక్కడి నుంచి లాడ్జి బండి వస్తుంది. లాడ్జి అయ్యాక అదే స్కుకూజా నుంచి కేప్ టౌన్‌కి నేరుగా విమానం ఉంది, మళ్ళీ జోహన్నెస్‌బర్గ్ రానక్కర్లేదు.