మాట మధ్యలో ‘వచ్చేసి’ ఎందుకొస్తుంది?

ప్రశ్న:
ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత, మందులు అమ్మే షాపులో పనిచేస్తాను. పొద్దున్నే రైతులకు వాళ్ల రొయ్యల గుంటల్లో నీళ్లు ఎట్టున్నాయో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాను. మొన్న నాది నేనే విన్నాను. ‘ఉప్పు వచ్చేసి 15 ఉంది, ఆక్సిజన్ వచ్చేసి మూడున్నరే, అంటే వచ్చేసి, ఏరియేటర్లు ఆపొద్దు...’ రెండు నిమిషాల్లో 19 సార్లు! బాధేసింది. మానుకుందామని వారం రోజులు గట్టిగా పట్టుబట్టాను. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆగేవాణ్ణి. ఆగితే ఫోన్లో అవతల రైతు, ‘హలో, హలో, లైన్లో ఉండావా?’ అంటున్నాడు. ఎందుకిట్టా?

జవాబు (ఒంగోలు):
ఆ ‘హలో’లోనే మీ జవాబు ఉంది. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతేనని 2009లో 10 భాషల మీద చేసిన పరిశోధనలో తేలింది. బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనకు అర సెకను పైన పడుతుంది. మాట ఇంకా తయారు కాలేదు, వంతు మాత్రం పోకూడదు. అందుకే ఏదో ఒక శబ్దం చేస్తాం. ఇంగ్లిష్ వాళ్లు కొద్దిసేపు ఆగేముందు ‘అ’ అని, ఎక్కువసేపు ఆగేముందు ‘అమ్’ అని అంటారని మనస్తత్వ శాస్త్రవేత్తలు హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో రాశారు. అంటే అది ‘ఆగండి, చెబుతున్నా’ అని వినేవాళ్లకు ఇచ్చే కబురు. మనవాళ్లు దానికి ఊతపదం అని ఎంత చక్కగా పేరు పెట్టారో చూడండి.

మీ ‘వచ్చేసి’ ఇంకో పని కూడా చేస్తోంది. ‘ఇక ఉప్పు సంగతి’, ‘ఇక ఆక్సిజన్ సంగతి’ అని రైతు ముందు ఒక్కొక్కటీ పెడుతోంది. నన్నడిగితే దాన్ని తీసేయక్కర్లేదు.

జవాబు:
మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. ఇక్కడ తమిళంలో అచ్చం ఇట్టాగే ‘నాన్ వందు...’ అంటారు. ‘వందు’ అన్నా ‘వచ్చి’ అనే. వింటే మనూరి మాటే అనిపిస్తుంది.

జవాబు (కావలి):
ఇంటర్వ్యూల్లో మాత్రం తగ్గించుకోవాలన్నా. టెన్షన్‌లో అది రెట్టింపవుతుంది. చెప్పాల్సిన అంకెలు ముందే కాగితం మీద రాసుకుంటే నాకు చాలా తగ్గింది.

ప్రశ్న అడిగిన నేనే:
కావలి తమ్ముడు చెప్పినట్టు ఈరోజు అంకెలు రాసుకుని చదివాను. ఒక్కసారీ రాలేదు. మధ్యాహ్నం ఒక రైతుకు ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆయన గుంటలో వైట్ స్పాట్ తేలింది, రొయ్యల్ని చంపే రోగం. ఉన్న రొయ్యలన్నీ వెంటనే పట్టేసుకోవాలి. ‘అన్నా, అది వచ్చేసి... వచ్చేసి...’ అని ఆగిపోయాను. ఆయన హలో అనలేదు. నేను చెప్పేదాకా అట్టాగే లైన్లో ఉన్నాడు.