చర్చ: డచ్ హారర్ ‘సింట్’లో అసలు పగ ఎవరిది?

సెకండ్‌షో:
డిక్ మాస్ 2010లో తీసిన ‘సింట్’ నిన్న రాత్రి రెండోసారి చూశాను. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్ళే తక్కువ కాబట్టి ముందు కథ చెప్తాను. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

డిసెంబర్ 5 పండగ రాత్రి డచ్ పిల్లలకి కానుకలు తెచ్చే ముసలి బిషప్ సింటర్‌క్లాస్. ఈ సినిమాలో ఆయన నిక్లాస్ అనే దోపిడీ ముఠా నాయకుడు. ఊళ్ళమీద పడి దోచుకుంటూ, చంపుతూ ఉంటే, 1492 డిసెంబర్ 5 రాత్రి జనం తిరగబడి వాడి ఓడకి నిప్పు పెడతారు. అప్పట్నుంచి డిసెంబర్ 5న పౌర్ణమి పడిందంటే చాలు, కాలిపోయిన ముఠాని వెంటేసుకుని తిరిగొస్తాడు.

అందరూ దీన్ని దెయ్యం పగ సినిమా అంటున్నారు. నేను ఒప్పుకోను. ఊరిని దోచుకున్నవాడిని ఊరే తగలబెట్టింది. వాడికి పగ పట్టే హక్కెక్కడిది? ఈ కథలో పగ పట్టాల్సినవాడు ఒక్కడే, గూర్ట్. 1968లో, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుంటాడు. పెద్దయ్యాక పోలీసవుతాడు. ఈసారి వాడొస్తే ఓడతో సహా పేల్చేయాలని పేలుడు పదార్థాలు కూడబెడతాడు. ఇంత బరువున్న మనిషిని పక్కన కూర్చోబెట్టి, దర్శకుడు సగం సినిమా కాలేజీ కుర్రాడు ఫ్రాంక్‌కి ఇచ్చాడు. నాకు అక్కడే మండింది.

జేజమ్మఫ్యాన్:
అన్నా, దెయ్యం పగకి హక్కు దేనికి? ‘అరుంధతి’లో పశుపతికి ఏ హక్కుందని? చేసినవన్నీ పాపాలే. అయినా సమాధిలోంచి వాడి గొంతు వినిపిస్తే 2009లో థియేటర్ మొత్తం బిగుసుకుపోయింది. చెడ్డవాడి పగకే భయం ఎక్కువ. వాడితో రాజీ కుదరదు, క్షమాపణ చెప్పుకుని బయటపడే దారీ ఉండదు. అన్యాయమైపోయిన ఆడపిల్ల దెయ్యమైతే మనసులో ఎక్కడో ఆమె వైపే ఉంటాం. నిక్లాస్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఆ వేషం వేసిన హ్యూబ్ స్టాపెల్ కూడా ఎక్కడా జాలి పుట్టించకుండా చేశాడు, అది మంచి పని.

సెకండ్‌షో:
పశుపతి గురించి ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఎదురుగా జేజమ్మ ఉంది. పశుపతి పగ ఎంత పెరిగితే ఆమె అంత పెరిగింది. ఇక్కడ గూర్ట్‌ని పెరగనివ్వలేదు. పండగ ఆపండయ్యా అని పైఅధికారులకి మొత్తుకుంటాడు, వాళ్ళు పిచ్చివాడి కింద జమకడతారు. ఆ ముఖం మీద కెమెరా ఇంకో నిమిషం నిలబడి ఉంటే చాలు. వెంటనే ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ళ కప్పుల మీద గుర్రపు ఛేజింగ్! ఛేజింగ్ బాగుంది, కాదనను. తక్కువ డబ్బుతో అంత చేయడం గొప్పే. కానీ గుర్రం దూకుతుంటే నేను గూర్ట్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

పంచాంగంప్రసాద్:
చిన్న సంగతి. సినిమా విడుదలైన 2010లో డిసెంబర్ 5 నిజానికి అమావాస్య. అదే నెల 21న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది, గుర్తుండే ఉంటుంది. 1968లో మాత్రం పౌర్ణమి ఒక్కరోజు ముందు, 4న పడింది. చర్చకి ఇది అడ్డం కాదు, చెప్పాలనిపించింది.

ఆమ్‌స్టెల్‌వీన్‌అమ్మ:
మీరందరూ సినిమాలా చూస్తున్నారు. నేను ఆ పండగ మధ్యలో ఉంటున్నాను. మా అబ్బాయికి ఆరేళ్ళు. నవంబర్ మధ్యలో సింటర్‌క్లాస్ ఆవిరి ఓడలో స్పెయిన్ నుంచి వస్తాడని వీళ్ళ నమ్మకం. ఆ రోజు నుంచి ఇంట్లో హడావుడే. రాత్రి పడుకునేముందు చెప్పు ఒకటి తలుపు దగ్గర పెట్టి, అందులో ఆయన గుర్రానికని క్యారెట్ పెడతాడు. అందరూ నిద్రపోయాక నేను లేచి, ఆ క్యారెట్ కొరికి, కాస్త పొట్టు నేలమీద రాల్చి, చెప్పులో పేపర్‌నోటెన్ బిస్కెట్లు, వాడి పేరులో మొదటి అక్షరం ఆకారంలో ఉన్న చాక్లెట్ పెడతాను. పొద్దున్నే వాడు ఆ పొట్టు వేలితో తీసి చూపిస్తాడు, “అమ్మా, గుర్రం తింది” అని.

ఈ సినిమా పోస్టర్ మీద అప్పట్లో గొడవ జరిగింది. వికారంగా ఉన్న సింటర్‌క్లాస్ బొమ్మ చూసి పిల్లలు జడుసుకుంటారని కోర్టుకెళ్ళారు. కోర్టు ఒప్పుకోలేదు. వేషం వేసుకున్న మనిషే నిజమైన సింటర్‌క్లాస్ అని పిల్లల్ని నమ్మించగలిగిన తల్లిదండ్రులు, పోస్టర్ మీదున్నవాడు నిజమైనవాడు కాదని కూడా నమ్మించగలరు కదా అంది.

తల్లిగా నాకు ఆ మాట నచ్చలేదు. ఆరేళ్ళవాడు బస్‌స్టాప్‌లో ఆ బొమ్మ చూసి ఏడిస్తే, సర్దిచెప్పాల్సింది నేను. కానీ సినిమా చూశాక అదే మాట ఇంకోలా గుచ్చుకుంది. ఇందులో నిజం తెలిసిన పెద్దలు నోరు మూసుకుంటారు, పిల్లలేమో చెప్పులు పెట్టుకుని ఎదురు చూస్తారు. గూర్ట్ కోపం నిక్లాస్ ఒక్కడి మీదే ఉండాల్సింది కాదు. తనకి తెలిసింది చెప్తే నమ్మని ఆ ఆఫీసు మీద కూడా ఉండాలి. సినిమా ఆ తలుపు తెరిచి లోపలికి వెళ్ళలేదు. సెకండ్‌షో గారి అసంతృప్తి అక్కడిదే అనుకుంటాను.

జేజమ్మఫ్యాన్:
అక్కా, ముఠా నల్లగా ఉండటానికి మంటల్లో కాలడమే కారణం అని సినిమాలో అన్నారు కదా. సింటర్‌క్లాస్ సహాయకుడు పీట్‌గా ముఖానికి నల్లరంగు పూసుకుని వేసే వేషాల మీద అక్కడ ఏళ్ళ తరబడి జరిగిన గొడవకి అది జవాబా, తప్పించుకోవడమా?

ఆమ్‌స్టెల్‌వీన్‌అమ్మ:
తప్పించుకోవడమే తమ్ముడూ. మామూలుగా ఇక్కడ ఇచ్చే సంజాయిషీ పొగగొట్టంలో మసి అంటిందని. సినిమా దాన్ని మంటగా మార్చింది, అంతే. ఆ వేషం చూసి బాధపడ్డవాళ్ళ మాట అందులో ఒక్కటీ లేదు. ఇప్పుడు చాలాచోట్ల ముఖమంతా నల్లగా పూయడం మానేసి, బుగ్గలమీద మసి చారలు మాత్రం పెడుతున్నారు. మా బాబుకి తెలిసిన పీట్ అదే.

సెకండ్‌షో:
అమ్మ గారూ, ఆఫీసు మీద కోపం అన్న మాట నేను పట్టుకోలేదు. మీరు చెప్పాక, పైఅధికారి ముందు గూర్ట్ నిలబడిన సీన్ మళ్ళీ వేసి చూశాను. దర్శకుడు ఆ ముక్క పెట్టాడు, కానీ నవ్వొచ్చే సీన్‌లా నడిపించేశాడు. సగం సినిమా ఫ్రాంక్‌కి ఇవ్వడం కన్నా ఇది పెద్ద తప్పు. నా మొదటి పోస్టులో ఆ మాట మార్చి రాస్తాను.